తాత, మేనమామ, మేనల్లుడు: గోర్డియన్ల వెనకాల ట్యునిస్ నుంచి రోమ్ దాకా

శనివారం, ట్యునిస్

ట్యునీషియా అనగానే అందరూ బీచ్ అనుకుంటారు, ఆఫీసులో కూడా సన్‌క్రీమ్ తీసుకెళ్ళు అని సలహాలిచ్చారు, కానీ నేనూ బావా వెళ్ళింది 238 అనే ఒక్క సంవత్సరం కోసం. ఆ ఏడాది రోమ్ సామ్రాజ్యానికి ఆరుగురు చక్రవర్తులు. ఆరుగురిలో ముగ్గురు ఒకే ఇంటివాళ్ళు, ముగ్గురి పేరూ గోర్డియనే. ఎనభై ఏళ్ళ పెద్దాయన, ఆయన కొడుకు, ఆయన కూతురి కొడుకు, అంటే మన వరసల్లో తాత, మేనమామ, మేనల్లుడు. మొదటి ఇద్దరూ కలిపి ఏలింది మూడు వారాలు, మూడోవాడు ఆరేళ్ళు, అంతే ఆ వంశం.

నేనుండేది మైంజ్‌లో, బావ ఫ్రాంక్‌ఫర్ట్‌లో. ఈ పిచ్చి మైంజ్‌లోనే పట్టింది, ఎందుకంటే కథ మొదలయ్యేది అక్కడే. 235లో అలెగ్జాండర్ సెవెరస్ అనే కుర్ర చక్రవర్తినీ వాళ్ళమ్మనీ మైంజ్ దగ్గరి క్యాంపులో సొంత సైనికులే చంపేసి, మామూలు సిపాయిగా మొదలై పైకొచ్చిన మాక్సిమినస్‌ని సింహాసనం ఎక్కించారు. ఆయన సైనికులకి జీతం డబుల్ అన్నాడు, జర్మన్ తెగల మీద యుద్ధాలన్నాడు, మరి డబ్బులెక్కడివి, ఉన్నవాళ్ళ ఆస్తుల మీద పడ్డాడు, చివరికి గుళ్ళలో ఉన్న బంగారం కూడా కరిగించాడంటారు. చక్రవర్తిగా ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా రోమ్ మొహం చూడలేదు. సెనేట్‌కి ఆయనంటే అసహ్యం, భయం కూడా.

ఇదంతా బావకి ఫ్లైట్‌లో చెప్తుంటే సగంలో నిద్రపోయాడు. దిగాక మదీనాలో, అంటే ట్యునిస్ పాత ఊళ్ళో, లబ్లబీ తిన్నాం, గిన్నెలో ఎండిన రొట్టె ముక్కలేసి మీద ఉడికిన శనగలూ పులుసూ జీలకర్ర పొడీ హరీసా అనే ఎండుమిరప ముద్దా వేసి ఇస్తారు, బావ రెండోసారి కూడా హరీసా వేయించుకున్నాడు, మాచర్లవాడు కదా.

ఆదివారం, బార్డో మ్యూజియం

బార్డో గురించి రాస్తూ పోతే ఇక్కడే ఆగిపోతాం, అందుకని ఒక్క మొజాయిక్ చెప్తాను. అది ఎల్ జెమ్ అనే ఊరి నుంచి తెచ్చింది, మేం రేపు వెళ్ళేది అక్కడికే. ఐదుగురు మనుషులు వంపు తిరిగిన బల్ల వెనక కూర్చుని తాగుతున్నారు, చూస్తే అరీనాలో మృగాలతో పోరాడే బ్యాచ్ లాగా ఉన్నారు, ముందు ఐదు ఎద్దులు పడుకుని ఉన్నాయి. తలల మీద వాళ్ళ మాటలు కూడా రాశారు, ఒకడు తాగడానికొచ్చాం అంటాడు, ఇంకొకడు మరీ ఎక్కువ మాట్లాడుతున్నారు అంటాడు, పక్కన నిలబడ్డవాడు ష్, ఎద్దుల్ని పడుకోనివ్వండి అంటున్నాడు. పొద్దున లేస్తే ఆ ఎద్దులతోనే పని మరి. ఆ ఊళ్ళో డబ్బూ సరదా ఏ రేంజ్‌లో ఉండేవో ఈ ఒక్క బొమ్మ చాలు.

సాయంత్రం ఏమీ చెయ్యలేదు, ఎండకి తల పగిలిపోయింది.

సోమవారం, ఎల్ జెమ్

ట్రైన్‌లో వెళ్దామనుకున్నాం కానీ పొద్దున లేవలేదు, లువాజ్ ఎక్కాం. ఎర్ర చారున్న తెల్ల వ్యాన్, మన సర్వీస్ ఆటోలాగే నిండితేగానీ కదలదు, ఆఖరి ఒక్క సీటు కోసం చాలాసేపు కూర్చున్నాం. సూస్ దాటాక అంతా చదును నేల, అటూ ఇటూ ఆలివ్ తోటలు, లైనుగా, ఎంత దూరం చూసినా అవే. తోటల మధ్యలోంచి దూరంగా ఒక్కసారిగా ఆ గోడ లేస్తుంది చూడండి, బావ మాట్లాడటం ఆపేశాడు. చుట్టూ చిన్న చిన్న ఇళ్ళు, దుకాణాలు, మధ్యలో మూడంతస్తుల కమానులతో ఆ రాక్షస కట్టడం, రోమన్ల యాంఫీథియేటర్, అంటే మృగాల పోరాటాలు చూసే చోటు. పొడవు 148 మీటర్లు, వెడల్పు 122, ముప్పై అయిదు వేల మంది పట్టేదని అంచనా. ఇప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ వచ్చి కూర్చున్నా ఇంకా సీట్లు మిగులుతాయి. రాయి ఇక్కడిది కాదు, ముప్పై కిలోమీటర్ల అవతల సముద్రం ఒడ్డున ఉన్న సలక్తా క్వారీల నుంచి తెచ్చింది.

లోపలికి వెళ్ళి కింద సొరంగాల్లోకి దిగాం. మృగాల్ని ఉంచిన గదులు, వాటిని పైకి లాగే గుంతలు, పైన సందులోంచి పడే వెలుతురు. పైకొచ్చి మెట్ల మీద కూర్చుంటే బావ అన్నాడు, "ఒరేయ్, అనుపు గుర్తుందా?" ఎందుకు గుర్తుండదు, స్కూల్ ఎక్స్‌కర్షన్ అంటే మాకు అనుపే కదా, సాగర్ డ్యామ్ కింద మునిగిపోతుందని నాగార్జునకొండ నుంచి తీసుకొచ్చి మళ్ళీ పేర్చిన రాతి మెట్ల రంగస్థలం. అది చిన్నది, నలుచదరం, ఇది కొండంత, కోడిగుడ్డు ఆకారం, రెంటికీ సంబంధం ఉందని నేననను, కానీ కాలం మాత్రం దాదాపు ఒకటే, ఇక్కడ ఈ గొడవలు జరుగుతున్న మూడో శతాబ్దంలోనే అక్కడ విజయపురిలో ఇక్ష్వాకులు ఏలుతున్నారు, వాళ్ళదీ పెద్దగా నిలబడిన వంశం కాదు.

ఇప్పుడు అసలు కథ. రోమన్ల కాలంలో ఈ ఊరి పేరు థిస్‌డ్రస్. మాక్సిమినస్ డబ్బుల కోసం పిండుతున్న టైమ్‌లో ఇక్కడి ప్రొక్యూరేటర్, అంటే చక్రవర్తి తరఫున వసూళ్ళు చూసేవాడు, పైవాడి మెప్పు కోసం ఇంకా రెచ్చిపోయాడు. ఊళ్ళో కొందరు ఆస్తిపరుల పిల్లల మీద కోర్టులో దండగ వేయించి వాళ్ళ తాతల నాటి భూములు లాక్కోబోయాడు. ఆ కుర్రాళ్ళు మూడు రోజులు గడువడిగారు. ఆ మూడు రోజుల్లో తమ పొలాల్లో పనిచేసే జనాన్ని రాత్రికి రాత్రి ఊళ్ళోకి దింపారు, కర్రలూ గొడ్డళ్ళూ బట్టల కింద దాచుకుని రమ్మన్నారు, డబ్బు కట్టడానికి వచ్చామన్నట్టు వెళ్ళి ఆ ప్రొక్యూరేటర్‌ని పొడిచేశారు.

చంపారు సరే, తర్వాత? ఇక మాక్సిమినస్ ఊరుకోడు, ఊరు మొత్తాన్ని తుడిచిపెడతాడు. అప్పుడు వాళ్ళకొచ్చిన ఐడియా ఏంటంటే ఇది హత్య కాదు, తిరుగుబాటు అనాలి, తిరుగుబాటు అంటే ఒక కొత్త చక్రవర్తి ఉండాలి. ఆఫ్రికా (అప్పట్లో ఈ ప్రాంతపు రోమన్ రాష్ట్రం పేరు) గవర్నర్ గోర్డియన్ అప్పుడు ఈ ఊళ్ళోనే ఉన్నాడు. పెద్ద ఇంటివాడు, చదువుకున్నవాడు, ఎనభై ఏళ్ళు, మధ్యాహ్నం భోంచేసి పడుకుని ఉన్నాడు. కాపలావాళ్ళని తోసుకుని కత్తులతో లోపలికొచ్చి చక్రవర్తులు వేసుకునే ఊదారంగు వస్త్రం మీద కప్పి చక్రవర్తీ అని అరిచారు. పాపం ముసలాయన చంపడానికొచ్చారనుకుని మంచం మీంచి కిందపడి బతిమాలుకున్నాడు, వద్దు బాబూ నా వల్ల కాదు అన్నాడు. వాళ్ళు చెప్పింది సూటిగా ఇదీ, ఒప్పుకుంటే ప్రమాదం రేపు, ఒప్పుకోకపోతే ప్రమాదం ఇప్పుడే, ఈ కత్తులతోనే. ఒప్పుకున్నాడు. ఇది నా కల్పన కాదు, ఆ కాలంలోనే బతికిన హెరోడియన్ అనే చరిత్రకారుడు రాసిందే.

నాకు ఈ కుటుంబం మీద ఆసక్తి ఇక్కడే. చరిత్రలో సింహాసనం కోసం అన్నదమ్ముల్ని చంపినవాళ్ళున్నారు, తండ్రిని చంపినవాళ్ళున్నారు. ఈ గోర్డియన్లు మాత్రం ముగ్గురూ ఎవరో తోస్తే ఎక్కినవాళ్ళే. ఎవరి తుపాకీ వాళ్ళ భుజం మీదే పెట్టుకోవచ్చుగా, వీళ్ళ భుజాలే దొరికాయి అందరికీ.

ఇంకో సంగతి. ఈ యాంఫీథియేటర్ కట్టించింది గోర్డియనే అని గైడ్లు అందరూ చెప్తారు, కాలం కూడా ఇంచుమించు 238 అనే వేస్తారు, కానీ ఫలానావాడు కట్టించాడని శాసనం ఒక్కటీ లేదు. అసలు పూర్తిగా కట్టడం అయిందో లేదో కూడా డౌటే అంటారు. నా మటుకు నాకు ఇది ఏ చక్రవర్తి దానమో కాదు, ఈ ఊరి ఆలివ్ నూనె డబ్బు. ఒక వైపు గోడ పెద్దగా విరిగి ఉంటుంది, అది రోమన్ల నాటిది కాదు, 1695లో మహమ్మద్ బే తిరుగుబాటుదార్లు లోపల దాక్కుంటున్నారని ఫిరంగులతో పగలగొట్టించాడట. తిరుగుబాట్లు ఈ ఊరికి కొత్త కాదన్నమాట.

మంగళవారం, ఎల్ జెమ్ మ్యూజియం

నిన్నటి టికెట్ మీదే మ్యూజియం కూడా. అసలు చాలామంది యాంఫీథియేటర్ చూసి ఫొటోలు దిగి బస్సెక్కేస్తారు, ఇటు రారు, తప్పకుండా రండి. ఆఫ్రికా దేవత మొజాయిక్ దొరికిన ఇంటిని మళ్ళీ అలాగే కట్టి పెట్టారు, నడుమ తోట, చుట్టూ వసారా, భోజనాల గది, పడకగదులు, ప్రతి గదిలో నేల మీద ఒక్కో బొమ్మ. ఆ ఏనుగు తొండం తలపాగాతో ఉన్న దేవత ముఖం దగ్గర బావ చాలాసేపు నిలబడ్డాడు.

ఇలాంటి ఇళ్ళవాళ్ళే ఆ కుర్రాళ్ళు. మ్యూజియంలో ఇది చూశాకే నాకు కథ సరిగ్గా అర్థమైంది. మనం రైతుల తిరుగుబాటు అని చదువుతాం, రైతులు కాదండీ, నేలంతా మొజాయిక్ పరుచుకునే భూస్వాములు. కర్రలు పట్టుకుని ముందు నడిచింది మాత్రం కూలీలు. చచ్చేది ఎవరో కూడా మీకు తెలిసే ఉంటుంది, రేపు కార్తేజ్ దగ్గర చెప్తాను.

మధ్యాహ్నం ట్రైన్‌కి ట్యునిస్ తిరిగొచ్చాం. లేటు.

బుధవారం, కార్తేజ్

ట్యునిస్ మెరీన్ స్టేషన్ నుంచి చిన్న లోకల్ ట్రైన్, చెరువులాంటి నీళ్ళ మధ్య కట్ట మీద పోతుంది, కార్తేజ్ పేరుతోనే నాలుగైదు స్టేషన్లున్నాయి, ఒక స్టేషన్ పేరు హన్నిబాల్. బిర్సా గుట్ట ఎక్కి గల్ఫ్ వైపు చూశాం, తర్వాత కిందికి దిగి సముద్రం పక్కనే ఉన్న ఆంటొనైన్ స్నానశాలలు. రెండో శతాబ్దంలో కట్టినవి, కాబట్టి గోర్డియన్లు వచ్చేసరికి ఇవి నిలబడే ఉన్నాయి, ఈ ట్రిప్ మొత్తంలో వాళ్ళు కళ్ళతో చూసి ఉంటారని నేను ధైర్యంగా చెప్పగలిగింది ఇదొక్కటే. ఇప్పుడు మిగిలింది కింది అంతస్తు స్తంభాలే, పైన ఎత్తు తెలియడానికి ఒక్క స్తంభం తిరిగి నిలబెట్టారు.

థిస్‌డ్రస్‌లో కొన్నాళ్ళుండి పెద్దాయన కార్తేజ్ వచ్చాడు, రోమ్‌లో చక్రవర్తి ఎలా వెళ్తాడో అలాగే, ముందు నిప్పు మోసేవాళ్ళు, లారెల్ కొమ్మలు కట్టిన దండాలు పట్టినవాళ్ళు. కొడుకుని కూడా జాయింట్ చక్రవర్తిని చేశాడు. ఈ కొడుకు గురించి తర్వాతి కాలం వాళ్ళు రాసిన గాసిప్ భలేగా ఉంటుంది, ఇరవై రెండు మంది ఉంపుడుగత్తెలట, అరవై రెండు వేల పుస్తకాల లైబ్రరీ అట, రాసినవాడు నమ్మదగ్గవాడు కాదు కాబట్టి నవ్వుకుని వదిలేయండి.

రోమ్‌కి ఉత్తరాలు వెళ్ళాయి. అక్కడ మాక్సిమినస్ మనిషి విటాలియానస్ అని ప్రెటోరియన్ల, అంటే చక్రవర్తి కాపలా దళం, అధిపతి ఉన్నాడు, వాణ్ణి ముందే లేపేయాలి. చక్రవర్తి దగ్గర్నుంచి రహస్య ఉత్తరం అని చెప్పి కొందరు వెళ్ళారు, వాడు సీలు పరిశీలిస్తుంటే కత్తి దించారు. మాక్సిమినస్ చనిపోయాడని పుకారు వదిలారు, ఊరంతా నమ్మేసింది, విగ్రహాలు పడగొట్టారు, వసూళ్ళ ఆఫీసర్లని వీధుల్లో చంపారు, సెనేట్ వెంటనే ఇద్దరు గోర్డియన్లనీ గుర్తించింది. ఫేక్ న్యూస్ మన వాట్సాప్ యూనివర్సిటీతో పుట్టిందనుకుంటే పొరపాటు.

ఇంతలో ఇక్కడ దెబ్బపడింది. పక్కనున్న నుమిడియాకి కాపెలియానస్ అని గవర్నర్, గోర్డియన్‌తో పాత కోర్టు తగాదా ఉంది, పైగా గోర్డియన్ చక్రవర్తి కాగానే ఆయన్ని పదవి నుంచి తీసేయమని ఆర్డరేశాడు. సైన్యం లేనివాడు సైన్యం ఉన్నవాణ్ణి తీసేయడం ఏంటండీ. ఈ ప్రాంతం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క లీజియన్, అంటే పెద్ద రోమన్ సైనిక దళం, పేరు మూడో అగస్టా, కాపెలియానస్ చేతిలోనే ఉంది. అది నేరుగా కార్తేజ్ మీదికొచ్చింది. కొడుకు గోర్డియన్ ఊరి జనాన్ని తీసుకుని ఎదురెళ్ళాడు. జనం దగ్గర ఏమున్నాయి, వంటింటి కత్తులు, గొడ్డళ్ళు, వేట ఈటెలు. నుమిడియన్ గుర్రపువాళ్ళు ఈటెలు విసరగానే వెనక్కి తిరిగి పరుగు, కోట గుమ్మం దగ్గర తొక్కిసలాటలో చచ్చినవాళ్ళే ఎక్కువ. కొడుకు శవం ఆ గుట్టల్లో దొరకనే లేదు. తండ్రి నడుముకు కట్టుకునే పట్టీతో ఉరేసుకున్నాడు. మొత్తం మూడు వారాలు.

ఆ గుమ్మం ఎక్కడో చూడాలని బావ పట్టుబట్టాడు, ఇప్పుడు అక్కడ చూపించడానికి ఏమీ లేదు, కార్తేజ్ మొత్తం విల్లాలూ తోటలూ అయిపోయింది. పక్కనే ఉన్న సిది బౌ సైద్ వెళ్ళి బంబలూనీ అనే నూనెలో వేయించిన డోనట్లు తిన్నాం, వేడి వేడిగా, పంచదార అద్ది. మూడు నాలుగు లాగించాక బావకి కోపం తగ్గింది.

కొసరు ఒకటుంది. మేనల్లుడు చక్రవర్తి అయ్యాక ఆ మూడో అగస్టా లీజియన్‌ని రద్దు చేసిపారేశాడు, తాత, మేనమామల చావుకి కారణమైనందుకు. సెంటిమెంట్‌గా బాగానే ఉంది, కానీ 240లో ఇదే కార్తేజ్‌లో సబినియానస్ అనేవాడు నేనే చక్రవర్తినన్నాడు, అణచడానికి ఇక్కడ లీజియన్ లేదు, పక్క రాష్ట్రం మౌరెటానియా గవర్నర్ రావాల్సి వచ్చింది. లీజియన్‌ని మళ్ళీ 253లో వలేరియన్ నిలబెట్టాడు.

గురువారం, రోమ్

ట్యునిస్ నుంచి రోమ్ ఫ్లైట్ ఎక్కితే కాఫీ తాగేలోపే దిగడం. సామాను హోటల్లో పడేసి ప్రెనెస్తీనా రోడ్డు మీద ట్రామ్ ఎక్కాం. టూరిస్టులెవరూ ఇటు రారు, అపార్ట్‌మెంట్లు, బట్టలారేసిన బాల్కనీలు, మధ్యలో ఒక పార్కు, పేరు విల్లా గోర్డియాని. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు, కుక్కల్ని తిప్పుకుంటున్నారు, నడుమ ఇటుకల గుండ్రటి కట్టడం ఒకటి, సగం విరిగిన గుమ్మటంతో ఎనిమిది పలకల హాలు ఇంకొకటి. ఈ రోడ్డు మీద గోర్డియన్ల విల్లా ఉండేదనీ, రెండొందల పాలరాతి స్తంభాలనీ పాత రాతల్లో ఉంది, నాలుగు రంగులవి, రంగుకి యాభై చొప్పున. కానీ ఇప్పుడు కనిపించే గుండ్రటి సమాధి గోర్డియన్ల తర్వాత అరవై డెబ్భై ఏళ్ళకి కట్టింది. కింద ఉన్న పాత గోడలు వాళ్ళవేనా అంటే కావచ్చు, కాకపోవచ్చు. మరి పార్కుకి మాత్రం పేరు ఖాయమైపోయింది.

"ఎల్ జెమ్‌లో శాసనం లేదు, ఇక్కడ సమాధి వాళ్ళది కాదు, మనం ఎవరి కోసం తిరుగుతున్నామురా?" అన్నాడు బావ బెంచీ మీద కూలబడి. నిజమే, ఈ వంశానికి అతికించిన పేర్లే ఎక్కువ, దొరికిన వస్తువులు తక్కువ. రేపు నాణేలు చూపిస్తానన్నాను.

శుక్రవారం, రోమ్

పొద్దున్నే కాపిటోల్ గుట్ట. కార్తేజ్ వార్త వచ్చాక సెనేట్ ఇరుక్కుపోయింది, మాక్సిమినస్ బతికే ఉన్నాడు, సైన్యంతో దిగుతున్నాడు, తాము గుర్తించినవాళ్ళిద్దరూ చచ్చారు. అందుకని తమలోంచే ఇద్దరు ముసలివాళ్ళని, పుపియెనస్, బాల్బినస్ అని, చక్రవర్తుల్ని చేశారు. జనానికి నచ్చలేదు. ఈ గుట్ట దారి మూసేసి రాళ్ళూ కర్రలతో నిలబడి గోర్డియన్ల ఇంటివాడే కావాలన్నారు. సెనేట్ మనుషులు వెళ్తే పదమూడేళ్ళ పిల్లాడు ఇంట్లో ఆడుకుంటున్నాడట, భుజాల మీద కూర్చోపెట్టుకుని జనం మధ్యలోంచి తీసుకొచ్చారు, అప్పుడు దారిచ్చారు. తాతని కత్తి చూపించి ఎక్కించారు, మనవణ్ణి ఎత్తుకొచ్చి ఎక్కించారు.

తర్వాతది ఫాస్ట్‌గా. మాక్సిమినస్ ఉత్తర ఇటలీలో అక్విలేయా ఊరిని ముట్టడించి లోపలికి పోలేకపోయాడు, సైన్యానికి తిండి లేక సొంతవాళ్ళే వాణ్ణీ కొడుకునీ చంపారు. ఇక ప్రశాంతం అనుకుంటే పుపియెనస్‌కీ బాల్బినస్‌కీ పడలేదు, ఒకే ప్యాలెస్‌లో వేరు కాపురం పెట్టి ఒకడు నన్ను చంపిస్తాడేమో అని ఇంకొకడు. జనమంతా కాపిటోలిన్ ఆటలు చూడ్డానికి పోయిన రోజు ప్రెటోరియన్లు లోపలికొచ్చి ఇద్దర్నీ ఈడ్చుకెళ్ళి చంపి రోడ్డు మీద పడేసి, పిల్లాణ్ణి తమ క్యాంపుకి తీసుకుపోయి చక్రవర్తి అన్నారు.

పలాజ్జో మాస్సిమో మ్యూజియం కింది ఫ్లోర్‌లో నాణేల గది ఉంది, బీరువాల ముందు భూతద్దాలతో సహా. పుపియెనస్, బాల్బినస్ నాణేల మీద వెనక వైపు రెండు చేతులు కరచాలనం చేసుకుంటూ ఉంటాయి, పరస్పర ప్రేమ అని రాసి మరీ. బావ అది చూసి నవ్విన నవ్వుకి సెక్యూరిటీ ఆమె ఇటు వచ్చింది. తాత, మేనమామ పేర్లతో కూడా ఆ మూడు వారాల్లోనే రోమ్‌లో నాణేలు కొట్టేశారు, చాలా అరుదు, కోట్లున్నవాళ్ళు కొంటారు. మేనల్లుడివి మాత్రం కుప్పలు, మామూలు జీతగాడు కూడా ఒకటి కొనుక్కోవచ్చు. ఇదే మ్యూజియంలో పైన అచీలియా శవపేటిక అని ఒకటుంది, టోగాలు వేసుకున్న పెద్దమనుషుల మధ్య ఒక కుర్రాడు, వాడు మూడో గోర్డియనే అని కొందరంటారు. ఇదీ గ్యారంటీ లేదు, కానీ ముఖం చూస్తే, చుట్టూ పెద్దవాళ్ళందరూ ఏదో చెప్తున్నట్టు, వీడికి మాత్రం బోరు కొడుతున్నట్టు ఉంటుంది.

ఆ పిల్లాడి పాలన మొదట్లో ఎవరెవరి చేతుల్లోనో నడిచింది, 241 నుంచి మాత్రం టైమెసిథియస్ అనే గట్టి ఆఫీసర్ దొరికాడు. ప్రెటోరియన్ల అధిపతి, పైగా కూతురు ట్రాంక్విల్లినాని ఇచ్చి పెళ్ళి చేశాడు, అంటే పిల్లనిచ్చిన మామ. ముగ్గురు గోర్డియన్ల చుట్టూ తిరిగినవాళ్ళలో పని తెలిసినవాడు ఈయనొక్కడే అని నా అభిప్రాయం. పర్షియన్లు సిరియా వైపు వస్తుంటే అల్లుణ్ణి తీసుకుని తూర్పుకి వెళ్ళాడు, 243లో రెసైనా దగ్గర గెలిచారు కూడా. ఆ సైన్యం వెనకాలే ప్లోటినస్ అనే తత్వవేత్త వెళ్ళాడు, ఎందుకో తెలుసా, పర్షియన్ల తత్వం, మన భారతీయుల తత్వం నేర్చుకుందామని. మన దాకా రాలేకపోయాడు. మామ జబ్బు చేసి పోయాడు, ఆయన ప్లేస్‌లో ఫిలిప్ అనే అరబ్ అధికారి వచ్చాడు, 244 మొదట్లో యూఫ్రటీస్ దగ్గర పందొమ్మిదేళ్ళ గోర్డియన్ చచ్చిపోయాడు, ఫిలిప్ చక్రవర్తి అయ్యాడు, ప్లోటినస్ ఎలాగో తప్పించుకుని ఆంటియోక్ చేరాడు.

ఎలా చచ్చాడన్నదే గొడవ. ఇరాన్‌లో నక్షె రుస్తమ్ దగ్గర పర్షియన్ రాజు షాపూర్ చెక్కించిన శాసనంలో మిసిఖె యుద్ధంలో గోర్డియన్‌ని చంపాం, ఫిలిప్ అయిదు లక్షల దినార్లు కట్టి శాంతి కొనుక్కున్నాడు అని ఉంది. రోమన్లు ఆ ఓటమి ఊసే ఎత్తరు, ఫిలిప్ తిండి ఆపించి సైన్యాన్ని రెచ్చగొట్టి చంపించాడంటారు. ఇంకో కథలో గుర్రం మీంచి పడి తొడ విరిగింది. ఫిలిప్ మాత్రం గోర్డియన్ జబ్బుతో పోయాడని సెనేట్‌కి రాసి, అతణ్ణి దేవుణ్ణి కూడా చేయించాడు.

ఎయిర్‌పోర్ట్ ట్రైన్‌లో దీని మీదే వాదన. బావ ఓటు ఫిలిప్‌కి, లాభం ఎవరికో చూడు, అంతే అంటాడు. నా ఓటు షాపూర్‌కి, ఎందుకంటే ఓడిపోయి సగం దారిలో చక్రవర్తిని పోగొట్టుకున్నామని ఒప్పుకోవడం కంటే వెన్నుపోటు అని చెప్పుకోవడమే రోమన్లకి సుఖం. "అయితే శాసనం చూద్దాం పద, ఇరాన్ ఎప్పుడు?" అన్నాడు. ముందు లీవ్ దొరకనీ బావా అన్నాను.